నకలు దరఖాస్తు

నంబరు తెలీదన్నాను.
నంబరు లేకుండా ఎట్లా, అన్నాడు కాపీల సెక్షన్ కుర్రాడు
తల ఎత్తకుండానే.
పోనీ పార్టీల పేర్లు చెప్పండి, ఏ సంవత్సరమో చెప్పండి.

సంవత్సరమంటే,
గాలివానకి మా వసారా రేకులు లేచి
నల్లచెరువు రోడ్డు మీద పడ్డ ఏడు.
కుట్టుమిషనుకి మొదటి కంతు కట్టిన ఏడు.
అవి రిజిస్టర్లో ఉండవంట.

సచివాలయంలో ఒంటరి మహిళ పింఛనుకి
విడిపోయినట్టు కాగితం తెమ్మన్నారు.
ఇరవై ఆరేళ్లుగా సోలెడు బియ్యం ఒక్కదానికే వండుకుంటున్నా,
అది కాగితం కాదు.
ఉన్న కాగితం ట్రంకుపెట్టె అడుగున చెదలు తిన్నాయి.
మా ప్లీడరుగారు పోయారు.
ఆయన గుమాస్తా సాంబిరెడ్డి మిగిలాడు
నగరంపాలెం టీకొట్టు బల్ల మీద, చెవిలో పెన్నుతో,
"మీరు కూచోండమ్మా, నేను రాస్తాగా" అంటూ.

కారణం అన్న గడిలో
పింఛను అని రాశాడు.
అప్పుడూ ఇంతే, నా కారణం ఇంకొకరు రాశారు.
క్రూరత్వం అన్నారు.
నేను చెప్పింది వేరు:
ఆయన నాతో మాట్లాడి పద్నాలుగు నెలలైందని,
కంచం ముందు పెడితే కంచంతో కూడా మాట్లాడడని.
మాట్లాడకపోవడానికి సెక్షను లేదమ్మా,
కొట్టాడని రాద్దాం, అన్నారు ప్లీడరుగారు.
కొట్టలేదండీ, అన్నాను.
రాశారు.

రికార్డు రూములో ఎర్రగుడ్డ మూటలు
దర్జీకిచ్చి మర్చిపోయిన బట్టల్లా
అరల నిండా, చీటీలు తగిలించుకుని.
ఏ మూటలో ఎవరి కొలతలున్నాయో.

అటెండరు జానీబాషా వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు.
శేషారత్నం, భర్త పున్నయ్య. కాదు, ఆమె తెనాలి.
శేషుకుమారి. కాదు.
శేషారత్నం మళ్లీ. వాయిదాలకి రాక కొట్టేశారు.
ఆమె ఏమైందో, సర్దుకుపోయిందో, బస్సు చార్జీ దొరకలేదో.
"ఈ ఏడు శేషాలే ఎక్కువమ్మా" అని నవ్వి
నా ముఖం చూసి ఆపేశాడు.
నాకూ నవ్వొచ్చింది మరి.

మూడో రోజు దొరికింది.
ఓ.పి. నూట డెబ్భై నాలుగు.
ముడి విప్పితే దుమ్ముతో పాటు
తుప్పు పట్టిన గుండుసూదికి ఒక ఫోటో.
ఎగ్జిబిట్ ఏ-ఒకటి.
పెళ్లి జరిగిందని రుజువు చెయ్యనిదే
పెళ్లి పోయిందని ఒప్పుకోరు కదా, అప్పుడిచ్చాం.
తిరిగి అడగలేదు నేను. ఆ ముఖంతో నాకేం పనని.

ఆయన పక్కకి చూస్తున్నాడు, నేను కిందకి.
మా వెనకాల
తలంబ్రాల పళ్లెం పట్టుకుని
నవ్వాపుకోలేక ఓణీ చెంగు నోట్లో కుక్కుకున్న విమల.
మా చెల్లెలు. పదిహేనేళ్లు.
ఆ ఓణీ కుట్టింది నేనే, చేతికుట్టు, అంచు వంకర.
వంకరగా ఉందని పొద్దున్నంతా ఏడ్చి
చివరికి అదే కట్టుకుంది.
మరుసటి వేసవికి మెదడువాపు జ్వరం.
దానికింకో ఫోటో లేదు.
నవ్వింది దేనికో గుర్తు తెచ్చుకుందామని చూస్తే
రావడం లేదు.

"ఇది కూడా ఇస్తారా?"
డిక్రీకే కదా అర్జీ పెట్టారు, అన్నాడు జానీబాషా.
ఫోటోకి వేరే అర్జీ, వేరే స్టాంపులు.
సాంబిరెడ్డి చెవిలోంచి పెన్ను తీశాడు.
ఆ గడి నేను రాస్తా, ఇటివ్వమన్నాను.
తీరా రాయబోతే అక్షరాలు కదలవే.
"చెల్లెలు" అని మటుకు రాశాను.
కుర్రాడు చదివాడు, ఏమీ అడగలేదు.

పదకొండు రోజులకి రెండూ వచ్చాయి.
వెనకవైపు తేదీలు: అర్జీ పెట్టింది, స్టాంపులు అడిగింది,
కట్టింది, సిద్ధమైంది, ఇచ్చింది.
జిరాక్సులో ఆయన మరీ నల్లగా పడ్డాడు.
కోర్టు ముద్ర సగం పళ్లెం మీద
సగం ఓణీ మీద.
వంకర అంచు తెలుస్తూనే ఉంది.

శంకర్‌విలాస్ దగ్గర ఆటో దిగి
గాజు ఫ్రేముకి ఎంతని అడిగాను.
డిక్రీ రేపిస్తాను.
సచివాలయం ఐదింటికే మూసేస్తారు.